భూతదయ

పొడవైన చీకటి నడవ. ఇరుప్రక్కలా పెచ్చులూడిన గోడలు, తుప్పుపట్టిన తలుపులు. ఇద్దరు మనుషులు మెల్లగా నడుస్తూ వచ్చి ఒక కొట్టు ముందు ఆగుతారు. వారి చేతులలో విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మీటరు, గాలి చల్లదనాన్ని చూపే థర్మామీటరు, మాటలను పట్టే చిన్న రికార్డరు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా వారి వెనుకనే ఉంటుంది. ఒకరు రికార్డరును ముందుకు చాచి చీకటిని అడుగుతారు: “ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉంటే ఒక్కసారి తట్టండి.” తరువాత అందరూ ఊపిరి బిగపట్టి వింటారు.

అమెరికాలో దయ్యాల అన్వేషణ పేరుతో వచ్చే టెలివిజన్ కార్యక్రమాలన్నింటిలోనూ ఈ దృశ్యం ఉంటుంది. 2004లో సై-ఫై చానెల్‌లో మొదలైన ‘ఘోస్ట్ హంటర్స్’ వీటిలో బాగా పేరు పొందినది. దాని తొలి సంవత్సరంలోనే ఆ బృందం ఫిలడెల్ఫియా నగరంలోని ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ అనే పాత కారాగారంలో ఒక రాత్రి గడిపింది. నల్లని అంగరఖా కప్పుకున్నట్లున్న ఒక ఆకారం కెమెరా వైపు దూసుకువచ్చి అంతే వేగంగా వెనుదిరిగిన దృశ్యం ఆ భాగంలో ఉన్నది. అది ఏమిటన్న వాదం నేటికీ తెగలేదు. ఆ తరువాత మరెన్నో కార్యక్రమాలవారు అదే జైలుకు వెళ్ళారు. మన పిల్లలలో చాలామంది, ముఖ్యంగా అక్టోబరు నెలాఖరున, దుప్పటి ముసుగులో నుంచి వీటిని చూస్తూనే ఉంటారు.

దయ్యాలు ఉన్నాయా లేవా అన్న తర్కం ఈ వ్యాసానికి అవసరం లేదు. ఉన్నాయనేవారూ లేవనేవారూ మన ఆలయ భోజనశాలలో ఒకే బల్ల దగ్గర కూర్చుని పులిహోర తింటూనే ఉన్నారు. మేము విచారింపదలచినది వేరొక ప్రశ్న. ‘ఎవరైనా ఉన్నారా?’ అని అడిగినవారికి, అలా అడిగినందువలన ఏదైనా బాధ్యత ఏర్పడుతుందా? ఆ ప్రశ్నను ఈ కారాగారంలో అడిగినప్పుడు దానికి వచ్చే బరువు వేరు. ఎందుకో తెలియాలంటే ఆ గోడల కథ కొంత తెలుసుకోవాలి.

ఈ జైలును కట్టించినవారు క్రూరులు కారు, దయగలవారు. 1787లో ఫిలడెల్ఫియా నగరంలో డాక్టర్ బెంజమిన్ రష్ వంటి పెద్దలు, క్వేకర్ మతస్థులు పలువురు కలిసి, ప్రభుత్వ కారాగారాలలోని దుఃఖాన్ని తగ్గించడానికి ఒక సంఘం స్థాపించారు. ఆనాటి జైళ్ళలో పెద్దా చిన్నా, ఆడా మగా, హంతకుడూ అప్పు తీర్చలేనివాడూ ఒకే గదిలో కుక్కబడి ఉండేవారు. కొరడా దెబ్బలు, బజారులో నిలబెట్టి అవమానించడం మామూలు శిక్షలు. ఇవన్నీ పోవాలని ఆ పెద్దలు కోరుకున్నారు. మౌనంగా కూర్చుని లోపలి వెలుగు కోసం నిరీక్షించడం క్వేకర్ల ఆరాధనా పద్ధతి. నేరం చేసినవానికి కూడా ఆ మౌనాన్ని ప్రసాదిస్తే, తన అంతరాత్మతో తాను మాట్లాడుకొని, పశ్చాత్తాపం పొంది, కొత్త మనిషిగా బయటికి వస్తాడని వారు నమ్మారు. పెనిటెన్షియరీ అన్న మాటలోనే పశ్చాత్తాపం అన్న అర్థం ఉన్నది.

దాదాపు నలభై సంవత్సరాల ప్రయత్నం తరువాత, 1829లో ఆ ఆశ రాతి కట్టడమై నిలిచింది. జాన్ హావిలాండ్ అనే వాస్తుశిల్పి దానిని బండిచక్రం ఆకుల వలె రూపొందించాడు. నడుమ ఒక గుండ్రని మందిరం, దాని నుంచి ఏడు దిక్కులకు సాగే ఏడు నడవలు, చుట్టూ ముప్పై అడుగుల గోడ. ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్క గది, దానికి ఆనుకొని ఆ ఒక్కనికే చిన్న పెరడు. అమెరికా అధ్యక్షుని భవనానికి కుళాయి నీరు రాకముందే ఇక్కడ ప్రతి గదికీ నీటి గొట్టం వచ్చింది. గది పైకప్పులో ఆకాశం కనిపించే ఒక కిటికీ ఉండేది. దానిని దేవుని కన్ను అనేవారు. చేతికి ఒక బైబిలు, చెప్పులు కుట్టడమో నేత నేయడమో ఒక పని. ఇంతవరకు వింటే ఎవరికైనా ఆశ్రమం గుర్తుకు వస్తుంది.

అయితే ఆ ఖైదీ రోజుకు ఇరవైమూడు గంటలు ఆ గదిలోనే ఉండాలి. మరొక ఖైదీ ముఖం చూడరాదు, గొంతు వినరాదు. గది దాటి నడిపించవలసి వస్తే తలకు ముసుగు తొడిగేవారు. పేరు పోయి అంకె మిగిలేది. కావలివారు తమ అడుగుల చప్పుడు వినబడకుండా బూట్లపై మేజోళ్ళు తొడుక్కొని తిరిగేవారు. భోజనపు బండి చక్రాలకు తోలు చుట్టేవారు. ఆ నిశ్శబ్దాన్ని అంత శ్రద్ధగా తయారుచేశారు.

మొదటి అంకె పొందినవాని పేరు చార్లెస్ విలియమ్స్. పద్దెనిమిదేళ్ళ నల్లజాతి యువకుడు, వ్యవసాయం చేసుకునేవాడు. ఒక ఇంట చొరబడి ఇరవై డాలర్ల గడియారాన్ని, మూడు డాలర్ల బంగారు ముద్రను, ఒక బంగారు తాళంచెవిని దొంగిలించినందుకు రెండు సంవత్సరాల శిక్ష పడింది. 1829 అక్టోబరులో అతనిని ముసుగు వేసి లోపలికి తీసుకువెళ్ళారు. ఈనాడు మన ఇళ్ళలో కాలేజీకి వెళ్ళే పిల్లల వయస్సు అతనిది.

మన భాషలో ఏకాంతం, ఒంటరితనం అని రెండు మాటలున్నాయి. పిల్లలకు తెలుగు నేర్పేటప్పుడు ఈ రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూపించడం మంచిదని మేము అనుకుంటాము. తిరుమలలో రాత్రి చివరి సేవకు ఏకాంత సేవ అని పేరు. ఋషి అడవికి వెళ్ళేది ఏకాంతం కోసం. ఏకాంతం మనిషి కోరుకొని వెళ్ళేది, చాలుననిపించినప్పుడు విడిచి రాగలిగినది. ఒంటరితనం మీద పడేది. ఫిలడెల్ఫియా పెద్దలు ఇవ్వదలచినది ఏకాంతం. చార్లెస్ విలియమ్స్‌కు ముట్టినది ఒంటరితనం. తమకు శాంతినిచ్చిన వస్తువు బలవంతంగా ఇచ్చినా శాంతినే ఇస్తుందని వారు భావించారు. మంచివారు చేసే కీడులో తరచుగా ఈ భావనే కనిపిస్తుంది. పిల్లలను పెంచే మనకు ఇది బొత్తిగా తెలియని విషయమేమీ కాదు.

1842లో చార్లెస్ డికెన్స్ ఈ జైలును చూడడానికి వచ్చి, ఖైదీల గదులలోకి వెళ్ళి వారితో మాట్లాడాడు. ఆ పద్ధతిని ఏర్పరచినవారి ఉద్దేశం మంచిదేనని ఒప్పుకొంటూనే, మనస్సుపై ప్రతిదినమూ జరిగే ఈ హింస శరీరానికి చేసే ఏ హింస కంటెనూ ఘోరమైనదని, దాని గాయం పైకి కనబడదు గనుక లోకం పట్టించుకోదని తన అమెరికా యాత్రాగ్రంథంలో వ్రాశాడు. 1890లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో, ఇటువంటి ఒంటరి నిర్బంధం వలన పలువురు ఖైదీలు మతి చెడినవారయ్యారని గుర్తించింది. అయినా ఈ కారాగారంలో ఆ పద్ధతిని అధికారికంగా విడిచిపెట్టినది 1913లో. జైలు మూతపడినది 1971లో.

ఇప్పుడు తట్టడం సంగతికి వద్దాం.

మనిషి ఎంతకాలం మాట్లాడకుండా ఉండగలడు? ఆ గదులలోని మనుషులు ఒక దారి కనిపెట్టారు. గది గదికీ నీటి గొట్టాలు ఉన్నాయి గదా, వాటిపై తట్టేవారు. ఆ చప్పుడు గొట్టం వెంట ప్రక్క గదికి వెళ్ళేది. ప్రక్క గదిలోని ముఖం తెలియని మనిషి తిరిగి తట్టేవాడు. నేను ఉన్నాను, నీవు ఉన్నావా అని అడగడానికి అంతకంటె మాటలు అక్కరలేదు. ఇది నిషేధం, పట్టుబడితే శిక్ష. భోజనం తగ్గించేవారు, చీకటి గదిలో వేసేవారు. ఇనుప కళ్ళెం అనే సాధనం ఒకటి ఉండేది. ఇనుప ముక్కను నాలుకపై బిగించి, గొలుసులతో వెనుకకు కట్టిన చేతులకు కలిపేవారు. చేతులు కదిలితే నోరు చీలుతుంది. 1833లో మథాయస్ మెకంసీ అనే ఖైదీకి, ప్రక్క గదులవారితో మాటలు కలుపుతున్నాడన్న కారణంగా దీనిని తొడిగారు. అతడు ఆ శిక్షలోనే మరణించాడు. తరువాత పెన్సిల్వేనియా శాసనసభ విచారణ జరిపింది గనుక అతని పేరు కాగితాలలో మిగిలింది.

ఈ సంగతి తెలిసిన తరువాత టెలివిజన్‌లో ‘ఉంటే ఒక్కసారి తట్టండి’ అన్న మాట వింటే మనస్సు కలుక్కుమంటుంది. ఏ చప్పుడు చేసినందుకు బ్రతికి ఉన్నవారు శిక్షింపబడ్డారో, ఆ చప్పుడు చేయమని అదే నడవలో చనిపోయినవారిని బ్రతిమాలుతున్నాము. గొట్టంపై తట్టినవాడు సజీవుడై ఉన్నప్పుడు వినకుండా ఉండడానికి ఒక పెద్ద వ్యవస్థ పనిచేసింది. ఇప్పుడు వినడానికి కెమెరాలు, మీటర్లు, లక్షల ప్రేక్షకులు!

ఈ అన్వేషకులను ఎగతాళి చేయడం మా అభిప్రాయం కాదు. ‘ఘోస్ట్ హంటర్స్’ బృందాన్ని నడిపిన జేసన్ హాస్, గ్రాంట్ విల్సన్ రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ప్లంబింగ్ పని చేసినవారు. గొట్టం చప్పుడును దయ్యం చప్పుడుగా పొరబడకుండా ఉండడానికి అంతకంటె తగిన వృత్తి ఏముంటుంది! వచ్చిన ప్రతి చప్పుడుకూ ముందుగా లౌకిక కారణం వెదకడం వారి పద్ధతి. అది మెచ్చుకోదగినదే. వాడుకలో లేని భవనంలో రాత్రి చల్లబడేటప్పుడు ఇనుము ముడుచుకొని టక్కుమంటుంది. పాత వైర్ల దగ్గర మీటరు ముల్లు ఎగురుతుంది. ఇంగ్లండులోని కొవెంట్రీలో విక్ టాండీ అనే ఇంజనీరు, తన ప్రయోగశాలలో కనిపించిన ‘నీడ’కూ అక్కడి ఫ్యాను పుట్టించిన, చెవికి వినబడని మంద్రమైన కంపనకూ సంబంధం ఉన్నదని 1998లో ప్రకటించాడు. ఇక అర్థంలేని గరగర శబ్దంలో మాటలు వినడం మన చెవికి పుట్టుకతో వచ్చిన గుణం.

మంచి కథ దొరికితే సాక్ష్యం అడగకుండా నమ్మడం కూడా అటువంటిదే. 1924లో పెప్ అనే కుక్కను గవర్నరు భార్య పిల్లిని చంపినందుకు యావజ్జీవ శిక్ష వేసి ఈ జైలుకు పంపారని లోకమంతా చెప్పుకుంటుంది. దానికి అంకె ఇచ్చి తీసిన ఫొటో కూడా ఉన్నది. నిజానికి ఖైదీలకు కాస్త తోడుగా ఉంటుందని గవర్నరు బహుమతిగా పంపిన కుక్క అది. చంపిన కుక్క కథ లోకానికి రుచించినంతగా తోడు వచ్చిన కుక్క కథ రుచించలేదు.

ఈ సందర్భంలో మన మాటలు కొన్ని చూడవలసి ఉన్నది. వ్యాకరణంలో ప్రకృతి, వికృతి అని చదువుకుంటాము. దైవము ప్రకృతి, దయ్యము వికృతి. ఒకే మాట రెండు రూపాలు! భయపెట్టేదీ కాపాడేదీ ఒకే మూలం నుంచి పుట్టాయని భాష ఎప్పుడో చెప్పి ఊరుకున్నది. ఇక భూతం. తెలుగు బడిలో భూతకాలం అన్న పాఠం చెప్పిన ప్రతిసారీ పిల్లలు, దయ్యాల కాలమా అని నవ్వడం ఉపాధ్యాయులందరికీ అనుభవమే. నవ్వినా తప్పులేదు. భూతం అంటే జరిగిపోయినది. భూతం అంటే పిశాచం. భూతం అంటే ప్రాణి కూడా. అందుకే ప్రాణులపై చూపే కరుణను భూతదయ అంటాము. జరిగిపోయిన కాలం, చనిపోయినవాడు, బ్రతికి ఉన్న జీవి, ముగ్గురికీ ఒకే పేరు. ప్రేత శబ్దానికి ముందుకు వెళ్ళిపోయినవాడని అర్థం. అతడు ప్రయాణంలో ఉన్నాడు. అతనికి అందవలసినది కొంత మిగిలి ఉన్నది. అది బ్రతికి ఉన్నవారు ఇవ్వాలి. పాశ్చాత్య కార్యక్రమాలలో దయ్యం తరచుగా చొరబాటుదారు, మన సంప్రదాయంలో ప్రేతం ఒక బాకీ. ఇంత సూటిగా చెప్పడం పండితులకు నచ్చకపోవచ్చును గాని, పిల్లలకు చెప్పవలసి వస్తే మేము ఇలాగే చెబుతాము.

మా తెలుగు తరగతిలో ఈ కార్యక్రమం ప్రస్తావన వచ్చినప్పుడు తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె అడిగింది: “వాళ్ళు అడిగినప్పుడు నిజంగానే ఎవరైనా తడితే, తరువాత వీళ్ళు ఏం చేస్తారు?” పెద్దలెవ్వరికీ తోచని ప్రశ్న అది. జవాబు కూడా తేలికే. ఏమీ చేయరు. రికార్డు చేసుకుంటారు, మరునాడు కంప్యూటరు ముందు కూర్చుని విశ్లేషిస్తారు, ఆ స్థలం యజమానికి చూపిస్తారు, తరువాతి వారం మరొక భవనానికి వెళతారు. తట్టినవాడు తట్టినచోటనే ఉంటాడు.

ఇటువంటి రాత్రి, ఇటువంటి ప్రశ్న మన పురాణాలలో ఒకచోట వస్తుంది. భాగవత సప్తాహం విన్నవారికి గోకర్ణ ధుంధుకారుల కథ తెలిసినదే. పద్మపురాణంలోని భాగవత మాహాత్మ్యం దానిని చెబుతుంది. తుంగభద్రా తీరాన ఆత్మదేవుడనే బ్రాహ్మణుని ఇంట పెరిగిన అన్నదమ్ములు వీరు. గోకర్ణుడు జ్ఞాని. ధుంధుకారి దొంగ, హింసకుడు. వేశ్యల కోసం దొంగసొమ్ము తెచ్చి, చివరకు ఆ సొమ్ము కోసమే వారి చేతులలో దారుణంగా చచ్చి ప్రేతమవుతాడు. తీర్థయాత్రల నుంచి తిరిగివచ్చిన గోకర్ణుడు రాత్రి ఇంటి ముంగిట పడుకొని ఉండగా, ఒక ఆకారం ఒకమారు పొట్టేలుగా, ఒకమారు ఏనుగుగా, ఒకమారు నిప్పుగా కనిపిస్తుంది. గోకర్ణుడు భయపడడు. ఎవరు నీవు, నీకీ దశ ఎలా వచ్చిందని అడుగుతాడు.

ఇంతవరకు టెలివిజన్ కథయే. భేదం ఆ తరువాత ఉన్నది. ప్రేతానికి నోట మాట రాదు. బిగ్గరగా ఏడ్చి సైగ చేస్తుంది. గోకర్ణుడు దోసిట నీరు తీసుకొని మంత్రించి చల్లుతాడు. అప్పుడు దానికి మాట వస్తుంది. అంటే అడిగినవాడే ఎదుటివానికి జవాబు చెప్పే శక్తి కూడా ఇచ్చాడు. చెప్పినదంతా విన్నాడు. నీ కోసం గయలో శ్రాద్ధం పెట్టాను గదా, ఇంకా ఎందుకు ఇలా ఉన్నావని ఆశ్చర్యపోయాడు. నూరు గయా శ్రాద్ధాలు పెట్టినా తన పాపానికి చాలదని ప్రేతం చెప్పినప్పుడు, ఇక నా వంతు అయిపోయిందని చేతులు దులుపుకోలేదు. పండితులను సంప్రదించి, సూర్యుని ప్రార్థించి, ఏడు దినాలు భాగవతం చదివాడు. గాలి రూపంలో ఉన్న ధుంధుకారి కూర్చోడానికి చోటు లేక ఏడు కణుపుల వెదురులో దూరి విన్నాడు. దినానికొక కణుపు పగిలింది. ఆ వెదురు మాకు ఎప్పుడూ ఒక జైలు గది వలెనే తోస్తుంది.

ఈ కథలో మరువరాని అంశం, ధుంధుకారి నిరపరాధి కాడు. అతనికి అన్యాయం జరిగిందని కథ ఎక్కడా అనదు. అతని బాధను విననవసరం లేదని కూడా అనదు. నేరం అంగీకరిస్తూనే వినవచ్చునని గోకర్ణుని ప్రవర్తన చెబుతున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ధుంధుకారి గోకర్ణునికి సోదరుడు. ఫిలడెల్ఫియా ఖైదీలు మనకు ఏమవుతారు? మన కులం కాదు, గోత్రం కాదు, దేశం కూడా మొన్నటివరకు కాదు. దీనికి జవాబు తర్పణ విధిలోనే ఉన్నదనుకుంటాము. తండ్రి తాతలకు, తల్లివైపువారికి నీరు వదలిన తరువాత, బంధువులైనవారికీ కానివారికీ, ఏ జన్మలోనో బంధువులైనవారికీ కూడా ఒక దోసెడు నీరు వదులుతాము. తద్దినం పెట్టేవారు లేనివారిని వెదకి గుర్తుంచుకునే మంత్రం అది. పెద్దలు త్వరత్వరగా చెప్పేస్తూ ఉంటారు గనుక ప్రక్కన కూర్చున్న పిల్లలకు అర్థం తెలియదు. ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగి అర్థం చెప్పమని పురోహితులను అడగవచ్చును.

మరొక పోలిక కూడా చూడాలి. నడుమ ఒక కేంద్రం, దాని నుంచి విడివడే నడవలు, మనిషికొక గది అన్న ఈ జైలు నమూనా ప్రపంచమంతటా ప్రాకింది. దీనిని అనుసరించిన జైళ్ళు దాదాపు 300 అని చెబుతారు. ఆ ఆలోచనల వంశంలోనిదే అండమాన్‌లో బ్రిటిషువారు 1896, 1906 సంవత్సరాల మధ్య కట్టిన సెల్యులార్ జైలు. అక్కడా ఏడు బాహువులు ఉండేవి. ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా ఒక బాహువు ముందుభాగం మరొక బాహువు వెనుకభాగాన్ని చూస్తుంది. అల్లూరి సీతారామరాజుతో కలిసి 1922-24లో పోరాడిన మన్యం వీరులలో కొందరిని అండమాన్‌కు పంపారు. అక్కడికి ఎవరు వెళ్ళినా గొంతు తగ్గించి నడుస్తారు. 1979 నుంచి అది జాతీయ స్మారకం. ఆ గదులలో మీటరు పట్టుకొని ‘ఉంటే తట్టండి’ అని ఎవరైనా అడిగితే మనకు కష్టంగా ఉంటుంది. ఫిలడెల్ఫియాలో అలా అడిగితే వినోదంగా ఉంటుంది. గదుల కొలతలలో పెద్ద తేడా లేదు. ఒకచోట ఉన్నవారు మనవారు, వీరులు. మరొకచోట ఉన్నవారు పరాయివారు, దొంగలు. వీరునికి ఇచ్చే గౌరవం దొంగకు ఇమ్మని మేము అనడం లేదు. కాని ఒంటరి గదిలో మతి చెడడం ఇద్దరికీ ఒకే విధంగా జరుగుతుంది. ఆ బాధ ఒకనిది పవిత్రమూ, మరొకనిది ఆటవస్తువూ ఎలా అవుతుందో మాకు అర్థం కాదు.

ఎదుటి పక్షానికి కూడా న్యాయం చేయాలి. 1971లో మూతపడిన తరువాత ఆ జైలు చాలాకాలం పాడుబడి ఉన్నది. గదులలో చెట్లు మొలిచాయి. దానిని కూలగొట్టి దుకాణాలు కడదామన్న ప్రతిపాదనలు వచ్చాయి. 1991లో హాలోవీన్ సమయంలో భయపెట్టే ప్రదర్శన ఒకటి మొదలుపెట్టారు. టికెట్లు కొని భయపడడానికి వచ్చినవారి సొమ్ము భవనాన్ని కాపాడడానికి ఎంతో ఉపయోగపడింది. 1994 నుంచి ప్రతిదినమూ సందర్శకులను అనుమతించడం ప్రారంభమైంది. దయ్యాల కోసం వచ్చినవారు లేకపోతే చార్లెస్ విలియమ్స్ పేరు చెప్పే గోడ కూడా మిగిలేది కాదేమో. ఆ ప్రదర్శనశాలవారు 2014లో ఆవరణలో పదహారు అడుగుల ఎత్తున ఒక ఉక్కు గ్రాఫును నిలబెట్టారు. అమెరికాలో జైలులో ఉన్నవారి నిష్పత్తి 1900 నుంచి ఎలా పెరుగుతూ వచ్చిందో, ఇతర దేశాలతో పోలిస్తే ఎంత ఎక్కువో దానిలో కనిపిస్తుంది. 2016లో నేటి జైళ్ళ గురించి ఒక శాశ్వత ప్రదర్శన కూడా ఏర్పాటు చేశారు. భయం కోసం వచ్చినవారిని వారు ఆ గ్రాఫు ముందు నిలబెట్టగలుగుతున్నారు. వినోదం ఎంతో, ఆలోచన ఎంతో తూచడానికి మన దగ్గర మీటరు లేదు.

ఆ గ్రాఫు చెప్పే విషయం చిన్నది కాదు. నేడు అమెరికాలో బంధనంలో ఉన్నవారు ఇరవై లక్షలకు చేరువగా ఉన్నారు. ఒంటరి నిర్బంధం 1913తో ముగిసిపోలేదు. వేరే పేర్లతో, వేరే భవనాలలో వేలాదిమందికి నేటికీ నడుస్తున్నది. దినానికి ఇరవైరెండు గంటలు, అంతకు మించి, మనిషితో నిజమైన సంపర్కం లేకుండా ఉంచడాన్ని ఒంటరి నిర్బంధమంటారని, వరుసగా పదిహేను దినాలు దాటి అలా ఉంచరాదని ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు చెబుతున్నాయి. చార్లెస్ విలియమ్స్‌కు పడినది రెండు సంవత్సరాలు. ఈనాటి ఖైదీలలో అంతకంటె ఎక్కువ కాలం అలా ఉన్నవారు ఉన్నారు. వారు ప్రేతాలు కారు, భూతాలే, అంటే ప్రాణులు. వారి గదుల వద్దకు కెమెరాలు వెళ్ళవు. వెళ్ళినా వారానికొక భాగం చొప్పున చూడడానికి అందులో భయపెట్టేదేమీ ఉండదు. మంచంపై కూర్చొని గోడను చూస్తున్న మనిషి మాత్రమే ఉంటాడు.

పిల్లలను ఈ కార్యక్రమాలు చూడవద్దని వారించమని మేము చెప్పడం లేదు. వారించినా వారు మానరు. చూసిన తరువాత ఆ పాత జైలుకు పగటిపూట తీసుకువెళ్ళవచ్చును. దేవుని కన్ను క్రింద, తలుపు తెరిచి ఉన్న గదిలో, రెండు నిమిషాలు ఫోను లేకుండా నిలబడమనవచ్చును. రెండు నిమిషాలు ఎంత పొడవైనవో వారికే తెలుస్తుంది.

1787లో ఆ జైలుకు బీజం వేసిన సంఘం గురించి ఒక మాట మిగిలి ఉన్నది. తాను కోరి కట్టించిన పద్ధతి కూలిపోయినా ఆ సంఘం మూతపడలేదు. పెన్సిల్వేనియా ప్రిజన్ సొసైటీ అన్న పేరుతో నేటికీ పనిచేస్తున్నది. దాని తరఫున వెళ్ళే అధికారిక సందర్శకులకు రాష్ట్రంలోని జైళ్ళలోకి వెళ్ళి, ఖైదీతో విడిగా కూర్చొని మాట్లాడే హక్కును పెన్సిల్వేనియా చట్టం ఇచ్చింది. వారు వెళ్ళి, ఎలా ఉన్నావు, నీకేమి కావాలి అని అడుగుతారు. జవాబు విని, దాని వెంట చేయవలసిన పని చేస్తారు. ఆ సందర్శకులు జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు. శిక్షణ ఇస్తారు, తీరిక, ఓపిక ఉంటే చాలు. మన ఆలయ సభ్యులలో ఉద్యోగ విరమణ చేసినవారు చాలామందే ఉన్నారు.